రెండు రోజుల సముద్రం: సందేహాలు - సమాధానాలు

ఎండలు ముదిరేసరికి చిలకలగూడ, వారాసిగూడ, నామాలగుండు నుంచి వచ్చే ఉత్తరాలన్నీ తూర్పు దిక్కుకే తిరుగుతాయి. అందరిదీ ఒకటే లెక్క. శుక్రవారం రాత్రి బండెక్కాలి, సోమవారం పొద్దున డ్యూటీలో ఉండాలి, ఆ మధ్యలో సముద్రం చూసేయాలి. సికింద్రాబాద్ స్టేషన్ పక్కనే ఇల్లున్నవాళ్ళకు ఆ మాత్రం ధైర్యం ఉంటుంది మరి!

మాది చిలకలగూడ. మేమిద్దరం, పిల్లలిద్దరు (ఒకరికి ఎనిమిదేళ్ళు, ఒకరికి నాలుగు), మోకాళ్ళ నొప్పులతో మా అత్తమ్మ. సూర్యలంక దగ్గర కదా అంటారు మా ఆయన. పెద్దోడికి వైజాగ్ కావాలి. అత్తమ్మ బందరు పోదాం, పాండురంగస్వామి దర్శనం కూడా అయితదంటది. ఎవరి మాట వినాలి? – ఒక గృహిణి, చిలకలగూడ

ఈసారికి అత్తమ్మ మాటే వినండి. దర్శనం కోసం కాదు, మీ నాలుగేళ్ళ పాప కోసం చెబుతున్నాను.

బీచ్ అనగానే మనవాళ్ళు ముందు పేరు చూస్తారు, ఆ తర్వాత ఫోటో చూస్తారు. చూడాల్సింది కాళ్ళ కింద ఏముందో. బందరు దగ్గర మంగినపూడిలో అడుగున ఉండేది నల్లమట్టి. ఒడ్డు నుంచి చాలా దూరం దాకా నేల తెలిసీ తెలియకుండా దిగుతుంది. అల మన దగ్గరికి వచ్చేలోపే దాని బలం చాలావరకు అక్కడే అరిగిపోతుంది. నీళ్ళు నీలంగా ఉండవు, మట్టిరంగులో ఉంటాయి. దమ్ము చేసిన మడిలో దిగినట్టు పాదం మెత్తగా కూరుకుంటుంది. ఫోటోకి ఇది పనికిరాదు గానీ పిల్లలకు ఇంతకంటే మంచి ఆట ఉండదు. పాత బట్టలు వేయండి, తెల్లవి అసలొద్దు. గదికి వెళ్ళేలోపు కాళ్ళు కడగడానికి ఒక డబ్బా మంచినీళ్ళు ఆటోలో ఉంచుకోండి. లోతు లేదు కదా అని పిల్లల్ని వదిలేసి సెల్‌ఫోన్ చూసుకోవడం మాత్రం కుదరదు. మోకాలు దాటనివ్వకండి, చెయ్యి వదలకండి.

మీ ఆయన చెప్పిన సూర్యలంక చూడముచ్చటైన ఇసుక తీరం. బాపట్ల నుంచి 9 కిలోమీటర్లే. అయితే అక్కడ అలల ధాటికి అడుగున ఇసుక కదిలి గుంతలు పడుతుంటాయి. నిన్న మోకాలి లోతున్న చోట ఇవాళ నడుము లోతు ఉండొచ్చు. ఆదివారాలు జనం కిక్కిరిసి ఉంటారు. ఆ రద్దీలో నాలుగేళ్ళ పాపను కనిపెట్టుకుని ఉండటం మీ ఇద్దరికీ శిక్షే.

వైజాగ్ సంగతి. ఆర్కే బీచ్ షికారుకు బాగుంటుంది, స్నానానికి కాదు. అక్కడ నేల గబుక్కున దిగిపోతుంది, వెనక్కి లాగే నీళ్ళు బలంగా ఉంటాయి. కానీ మధ్యాహ్నం పూట పిల్లల్ని తిప్పడానికి వైజాగ్‌ను మించింది లేదు. 2002లో మ్యూజియంగా మార్చిన కురుసుర జలాంతర్గామి, దాని ఎదురుగా 2017 నుంచి ఉన్న టీయూ-142 యుద్ధవిమానం, కైలాసగిరి రోప్‌వే ఉన్నాయి. పెద్దోడు అడిగిందీ న్యాయమే. చిన్నది కాస్త ఎదిగాక, అంటే జలాంతర్గామిలోని ఇరుకు ద్వారాలు తనంతట తాను దాటగలిగాక, అందరూ వెళ్ళండి.

ఇప్పుడు గంటల లెక్క చూడండి, అసలు సంగతి ఇక్కడే ఉంది. మన తూర్పు తీరంలో మే నెలలో ఐదున్నర ప్రాంతంలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. తొమ్మిదికల్లా ఇసుక కాలుతుంది. మళ్ళీ ఒడ్డుకు పోగలిగేది సాయంత్రం నాలుగున్నర తర్వాతే. శనివారం పొద్దున రైలు దిగి, గది చూసుకుని, టిఫిన్ తినేసరికి ఎండ ఎక్కేస్తుంది. కాబట్టి మీ చేతికి వచ్చే సముద్రం శనివారం సాయంత్రం, ఆదివారం తెల్లవారుజాము, సామాను ముందే సర్దుకుంటే ఆదివారం సాయంత్రం. అంతే. ఈ మూడు పూటల కోసం ప్రయాణం రాత్రిపూట జరిగిపోవాలి. బీదర్ నుంచి వచ్చే మచిలీపట్నం ఎక్స్‌ప్రెస్ ఆ పని చేస్తుంది. రాత్రి ఎక్కితే పొద్దునకు బందరు, మధ్యలో బండి మారే పని లేదు. అత్తమ్మకు కింది బెర్త్ రావాలంటే టికెట్ తీసేటప్పుడే సీనియర్ సిటిజన్ కోటా చూడండి. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, పాత 120 రోజుల అలవాటుతో తికమక పడొద్దు.

గది బందరు ఊళ్ళోనే తీసుకోండి, ఏసీ ఉన్నది. ఎందుకో చెబుతాను. మేలో పడమటి నుంచి పొడిగాలి బలంగా వీచిన రోజున సముద్రపు గాలి ఒడ్డు దాటి లోపలికి రాలేదు. అలాంటి రోజున బందరు, బాపట్ల, ఒంగోలు మన హైదరాబాద్ కంటే ఎక్కువగా మాడిపోతాయి. సముద్రం పక్కన చల్లగా ఉంటుందనుకుని వెళ్ళి వడదెబ్బ తగిలించుకున్నవాళ్ళు ఉన్నారు. ఆ మధ్యాహ్నం వేళ గదిలో పడుకోవడమే మీ కార్యక్రమం. చిలకలపూడి పాండురంగస్వామి గుడి బీచ్‌కి వెళ్ళే దారిలోనే పడుతుంది, సాయంత్రం దర్శనం చేసుకుని అటే వెళ్ళొచ్చు. ఊళ్ళోంచి బీచ్ పది, పదకొండు కిలోమీటర్లు. వెళ్ళిన ఆటోనే ఆపుకుని వెయిటింగ్‌తో సహా రేటు ముందే మాట్లాడుకోండి. చీకటి పడ్డాక ఒడ్డు మీద ఆటో కోసం ఎదురుచూడటం అత్తమ్మ మోకాళ్ళకు మంచిది కాదు. వచ్చేటప్పుడు బందరు లడ్డు మర్చిపోకండి.

మేం ఆరుగురం ఫ్రెండ్స్. బైకుల మీద సూర్యలంక వెళ్ళి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్ళలోనే ఉండాలని ప్లాన్. అందరికీ ఈత వచ్చు. ఏమైనా జాగ్రత్తలు చెప్తారా? – సీతాఫల్‌మండి

బైకుల ఆలోచన ముందు మానేయండి తమ్ముళ్ళూ. మూడు వందల పైచిలుకు కిలోమీటర్లు మే నెల ఎండలో నడిపి, ఆ అలసటతో సముద్రంలో దిగడం, మళ్ళీ నిద్ర చాలకుండా ఆదివారం రాత్రి హైవే ఎక్కడం... ఇందులో సముద్రం కంటే రోడ్డే ఎక్కువ ప్రమాదం. గూడూరు వెళ్ళే సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారుజామున ఆ ప్రాంతంలో దిగొచ్చు.

ఇక ఈత. మీకు వచ్చింది చెరువు ఈతో, స్విమ్మింగ్ పూల్ ఈతో. సముద్రంలో మునిగిపోయేవాళ్ళలో ఈత వచ్చినవాళ్ళూ ఉంటారు. కారణం ఇది. అలలు తెచ్చి ఒడ్డున పోసిన నీళ్ళు మళ్ళీ లోపలికి పోవాలి కదా. ఇసుక తిన్నెల మధ్య ఎక్కడ సందు దొరికితే అక్కడ అవన్నీ ఒక పాయలా కూడి వెనక్కి పరుగెత్తుతాయి. ఆ పాయ వేగం ఒక్కోసారి సెకనుకు రెండు మీటర్లు దాటుతుంది. ఒలింపిక్ ఈతగాడు కూడా దానికి ఎదురీదలేడు. మోసం ఎక్కడంటే, ఆ పాయ ఉన్న చోట అలలు విరగవు. అటూ ఇటూ తెల్లగా నురగలు, మధ్యలో కొంచెం ముదురు రంగులో ప్రశాంతంగా ఒక బాట. కొత్తవాడికి అదే మంచి చోటులా కనిపిస్తుంది, సరిగ్గా అక్కడే దిగుతాడు.

ఒడ్డు చేరగానే నీళ్ళలోకి దూకకుండా పది నిమిషాలు నిలబడి చూడండి. ఆ బాట ఎక్కడుందో కనిపిస్తుంది. పొరపాటున అందులో చిక్కితే ఒడ్డు వైపు ఈదొద్దు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదండి. పాయ వెడల్పు తక్కువే ఉంటుంది, దాటగానే లాగడం ఆగిపోతుంది. శక్తి లేకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యి ఊపండి. ఒకడు కొట్టుకుపోతుంటే మిగతా ఐదుగురూ వెనకే దూకడం వల్లనే పేపర్లో ఒకే ఊరి పేరు పక్కన మూడు నాలుగు ఫోటోలు వస్తాయి. ఖాళీ వాటర్ క్యాన్ గానీ, తాడు గానీ విసరండి, మీరు దూకకండి. గస్తీ పోలీసులో, జాలర్లో వద్దన్న చోట దిగకండి. వాళ్ళు ఆ నీళ్ళను రోజూ చూస్తారు. మందు సంగతి వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

ఇంకొక మాట. దేశం మొత్తానికి సముద్రం కబురు చెప్పే ఇన్‌కాయిస్ సంస్థ ఉన్నది సముద్రమే లేని మన హైదరాబాద్‌లో, ప్రగతినగర్‌లో. అలల ఎత్తు, ఉప్పెన హెచ్చరికలు, సునామీ కబురు అన్నీ అక్కడి నుంచే వెళతాయి. బయలుదేరే ముందు వాళ్ళ వెబ్‌సైట్‌లో బాపట్ల తీరానికి హెచ్చరిక ఏమైనా ఉందేమో చూడండి. అలలు ఎక్కువన్న రోజున ఒడ్డున క్రికెట్ ఆడుకుని వచ్చేయండి.

సముద్రం ఒడ్డున అప్పుడే బోటు దిగిన చేపలు కొని వండించుకుని తినాలని మా ఇంటాయన కోరిక. చీరాల వైపు వాడరేవు బాగుంటుందన్నారు. మే మూడో వారం వెళ్దామనుకుంటున్నాం. – వారాసిగూడ

చోటు బాగానే ఎంచుకున్నారు, నెల తప్పు. మన తూర్పు తీరమంతటా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మర పడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ నియమం. ఆ రోజుల్లో వాడరేవు వెళితే బోట్లన్నీ ఇసుక మీదికి లాగి కనిపిస్తాయి. జాలర్లు నీడ పట్టున కూర్చుని వలలు బాగుచేసుకుంటుంటారు. ఇంజిన్ లేని తెప్పల మీద వెళ్ళేవాళ్ళకు నిషేధం లేదు కాబట్టి తెల్లవారుజామున కొద్దిగా సరుకు రావచ్చు. అది ఊరివాళ్ళకే చాలదు.

అక్కడి హోటళ్ళలో ఆ నెలలో 'సముద్రపు చేప' అని పెట్టేది చాలావరకు ఐసులో నిలవున్నదో, దూరం నుంచి తెచ్చిందో అయి ఉంటుంది. వంజరం, చందువ అడగడం కంటే చెరువు రొయ్యో, పండుగప్పో, పీతలో అడగండి. అవి నిషేధంతో పని లేకుండా తాజాగా దొరుకుతాయి. కొనేటప్పుడు మొప్ప ఎత్తి చూడాలి. ఎర్రగా ఉండాలి, కన్ను ఉబ్బెత్తుగా, తేటగా ఉండాలి. ఈ సంగతి మీ ఇంటాయనకు తెలిసే ఉంటుంది, అయినా సెలవు హుషారులో మర్చిపోతారు. కోరిక అచ్చంగా చేపల మీదే అయితే ప్రయాణాన్ని డిసెంబరు, జనవరికి మార్చుకోండి. ఎండా ఉండదు. చీరాలలో చేనేత దుకాణాలు తిరగడానికి మీకూ ఓపిక ఉంటుంది.

నేను రైల్వేలో లోకో పైలట్‌గా చేసి రిటైరయ్యాను. మా అబ్బాయి లండన్‌లో ఈస్ట్‌హామ్‌లో ఉంటాడు. జూలైలో నేనూ, మా ఆవిడా వెళ్తున్నాం. ఆగస్టు నెలాఖరులో మూడు రోజుల సెలవు వస్తుందట, 'నాన్నా, బీచ్‌కి పోదాం, ఎక్కడికో మీరే చెప్పండి' అంటున్నాడు. ఇంగ్లండ్ బీచ్‌ల గురించి నాకేం తెలుసు? – చిలకలగూడ

మీ ఉద్యోగం చెప్పి మంచి పని చేశారు, నా పని సులువైంది. బ్రైటన్ వెళ్ళండి.

అక్కడ ఒడ్డు వెంబడి వోల్క్స్ ఎలక్ట్రిక్ రైల్వే అని ఒక చిన్న బండి నడుస్తుంది. మాగ్నస్ వోల్క్ అనే ఇంజనీరు 1883 ఆగస్టులో మొదలుపెట్టాడు. ఇప్పటికీ నడుస్తున్న కరెంటు రైళ్ళలో ప్రపంచంలోకెల్లా పాతది ఇదే. జీవితమంతా ఇంజన్‌లో గడిపిన మనిషి దాన్ని చూడకుండా ఇంగ్లండ్ నుంచి తిరిగిరావడం భావ్యం కాదు.

మీ అబ్బాయి ఇంటి నుంచి దారి కూడా తేలికే. ఈస్ట్‌హామ్‌లో డిస్ట్రిక్ట్ లైన్ ఎక్కితే నేరుగా విక్టోరియా, అక్కడి నుంచి బ్రైటన్‌కు గంట ప్రయాణం. అరవై దాటినవాళ్ళకు సీనియర్ రైల్‌కార్డ్ ఉంటుంది, పాస్‌పోర్టు చూపించి కొనుక్కుంటే చాలా టికెట్ల మీద మూడో వంతు తగ్గుతుంది. ఒక్క జాగ్రత్త: సెలవు రోజుల్లోనే వాళ్ళు లైన్ పనులకు బ్లాక్ తీసుకుంటారు, బండికి బదులు బస్సు వేస్తారు. బ్లాక్ అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు, మీ అబ్బాయికి మీరే చెప్పి ముందుగా చూడమనండి.

ఇప్పుడు కాళ్ళ కింద సంగతి. బ్రైటన్‌లో ఇసుక లేదు, అన్నీ గులకరాళ్ళే. చెప్పుల్లేకుండా నడవలేరు. అయినా ఎందుకు పంపుతున్నానంటే, మీరు ఎలాగూ నీళ్ళలో దిగరు. ఆగస్టులో కూడా అక్కడి సముద్రం 17, 18 డిగ్రీలు. మే నెలలో మన వైజాగ్ నీళ్ళు 30కి దగ్గరగా ఉంటాయి. అలవాటు లేనివాళ్ళు బ్రైటన్ నీళ్ళలో పాదం పెట్టి వెంటనే తీసేస్తారు. అక్కడ మనలాంటివాళ్ళ సముద్రం అంటే 1899 నాటి ప్యాలస్ పియర్ (సముద్రంలోకి కట్టిన వంతెన లాంటిది) మీద బల్లపై కూర్చుని, స్వెటర్ వేసుకుని, గాలికి కళ్ళు చికిలిస్తూ చూడటమే. ఆగస్టు చివర్లో కూడా రాత్రి ఎనిమిది దాకా వెలుతురుంటుంది కాబట్టి తొందర లేదు.

మనవాళ్ళ అడుగుజాడలు ఆ ఊళ్ళో చాలానే ఉన్నాయి. పట్నా నుంచి వెళ్ళిన దీన్ మహమ్మద్ రెండు శతాబ్దాల క్రితం అక్కడ ఆవిరి స్నానాలు, తలంటు, ఒళ్ళు మర్దనా పెట్టి రాజుల దాకా పేరు తెచ్చుకున్నాడు. ఊరి మధ్యలో గుమ్మటాలతో మన వైపు నవాబు కోటలా కనిపించే రాయల్ పెవిలియన్‌ను మొదటి ప్రపంచయుద్ధంలో, 1914 చివరి నుంచి, గాయపడ్డ భారత సైనికులకు ఆసుపత్రిగా వాడారు. చనిపోయిన హిందూ, సిక్కు సైనికులు 53 మందిని దహనం చేసిన చోట, ఊరి బయట కొండ మీద, 1921లో తెల్ల చలవరాతి ఛత్రి కట్టారు. అక్కడికి బండి వెళ్ళదు, గడ్డి దారిన కొంత నడవాలి. మీ ఆవిడకు ఓపికుంటే తప్పకుండా వెళ్ళి రండి.

మనవలు ఉండి ఇసుక కావాలంటే బోర్న్‌మత్ మంచిది. పదకొండు కిలోమీటర్ల ఇసుక, వాటర్లూ నుంచి రెండు గంటలు. ఒక్క పూటలో చూసి రావాలంటే మీ అబ్బాయికి అన్నిటికంటే దగ్గర సౌత్ఎండ్. అక్కడి పియర్ సముద్రంలోకి రెండు కిలోమీటర్లకు పైగా పోతుంది, దాని మీదా రైలుంది! పడమటి తీరంలో వెస్టన్-సూపర్-మేర్ మాత్రం వేళ చూసుకోకుండా వెళ్ళొద్దు. ఆ ప్రాంతంలో ఆటుపోట్ల తేడా పది మీటర్లు దాటుతుంది. పాటు వేళ వెళితే సముద్రం కనుచూపు మేర దూరంలో ఉంటుంది, మధ్యలో అంతా దిగబడే బురద. మన మంగినపూడి బురద అనుకుని అందులో నడిస్తే బయటికి లాగడానికి మనుషులు రావాలి.

గది ఇప్పుడే బుక్ చేయమనండి. ఆగస్టు ఆఖరి సోమవారం బ్యాంక్ హాలిడే. 1871లో చట్టం చేసి ఆగస్టులో ఒక సోమవారం సెలవిచ్చిన దగ్గర్నుంచి అక్కడి జనం ఆ రోజున సముద్రం దారి పడుతున్నారు. చాలా చోట్ల ఆ వారాంతానికి రెండు, మూడు రాత్రులు కలిపి తీసుకుంటేనే గది ఇస్తారు.

దిండిలో బీచ్ ఉంటుందా? హౌస్‌బోటు ఫోటోలు చూశాం. – నామాలగుండు

ఉండదు. దిండి గోదావరి పాయ ఒడ్డున ఉంది, సముద్రం మీద కాదు. నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి వెళ్ళి, పంటు మీద సఖినేటిపల్లి దాటి అంతర్వేది వెళితే నదీ, సముద్రం కలిసే చోటు, లక్ష్మీనరసింహస్వామి గుడి రెండూ చూడొచ్చు. దిండిలో ఒక రాత్రి ఉండి, అక్కడి నుంచి అంతర్వేది పోయి రావడం మంచి ఏర్పాటు. సంగమం దగ్గర నీళ్ళలో దిగొద్దు.

నాకు యాభై రెండేళ్ళు. పిల్లలు ఎవరి ఊళ్ళో వాళ్ళున్నారు. రెండు రోజులు సముద్రం దగ్గర ఒక్కదాన్నే కూర్చుని రావాలని ఉంది. వెళ్ళొచ్చా? ఎక్కడికి? – ఒక ఉపాధ్యాయురాలు, మెట్టుగూడ

నిక్షేపంగా వెళ్ళొచ్చమ్మా. మీకు చిన్న ఊరి బీచ్‌లు చెప్పను. ఒంటరిగా వెళ్ళిన ఆడమనిషిని అక్కడ 'మీరొక్కరేనా?' అని అడిగి అడిగి విసిగిస్తారు, చీకటి పడితే మనుషులుండరు. వైజాగ్ వెళ్ళండి. ఎవరూ పట్టించుకోరు, రాత్రి దాకా బీచ్ రోడ్డు మీద కుటుంబాలుంటాయి.

బండి విషయంలో నా సలహా చాలామందికి నచ్చదు. 2023 సంక్రాంతి నాడు సికింద్రాబాద్ నుంచి మొదలైన వందే భారత్ ఎనిమిదిన్నర గంటల్లో చేరుస్తుంది, నిజమే. కానీ ఆ గంటలన్నీ మేలుకుని కూర్చోవాల్సినవే. రెండు రోజుల సెలవులో చాలా భాగం కుర్చీలోనే పోతుంది. సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పడుకుంటే తెల్లవారేసరికి వైజాగ్‌లో ఉంటారు. పక్కనే స్టేషన్ కదా అని నడిచి వచ్చేయకండి. సికింద్రాబాద్ స్టేషన్‌ను కొత్తగా కడుతున్నందున కొన్ని బండ్లను చర్లపల్లికి మార్చారు. టికెట్ మీద ఎక్కే స్టేషన్ పేరు చదివి బయలుదేరండి.

గది బీచ్ రోడ్డు మీద, సముద్రం కనిపించేలా తీసుకోండి. ఒక్కరే కదా, ఆ కాస్త ఖర్చు పెట్టుకోండి. ఆదివారం పొద్దున్నే భీమిలి వెళ్ళే సిటీ బస్సు ఎక్కి కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి. పాతిక కిలోమీటర్లు. బీచ్ రోడ్డున వెళ్ళే బస్సయితే దారి పొడుగునా సముద్రం మీ వైపే ఉంటుంది. భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోట కూర్చోవచ్చు. డచ్చివాళ్ళ పాత సమాధులున్నాయి, ఆసక్తి ఉంటే చూడండి. పదింటికల్లా తిరిగి గదికి చేరుకోండి. దారిలో తొట్లకొండ బౌద్ధారామం ఉంది గానీ మే ఎండలో ఆ గుట్ట ఎక్కమని నేను చెప్పను.

మేలో తుపాను వస్తే టికెట్ డబ్బులు, హోటల్ డబ్బులు వెనక్కి వస్తాయా? – చిలకలగూడ

మేలో తుపానులు వస్తాయి. 2010 మే 20న లైలా బాపట్ల దగ్గరే తీరం దాటింది. రైల్వే తనంతట తాను బండి రద్దు చేస్తే పూర్తి డబ్బు వెనక్కి వస్తుంది, ఆన్‌లైన్ టికెట్ అయితే మీరేమీ చేయక్కర్లేదు. బండి నడుస్తుండగా మీరు భయపడి మానుకుంటే మామూలు క్యాన్సిలేషన్ కోత తప్పదు. హోటల్ మాత్రం వాళ్ళ షరతుల మీదే ఆధారపడి ఉంటుంది. కొద్దిగా ఎక్కువైనా సరే, 'ముందు రోజు దాకా ఉచిత రద్దు' ఉన్న గదే తీసుకోండి.